ఊఁ కొట్టిన షాఫ్టు

చెంచురామయ్యగారిని ఎవరు ఏ ప్రశ్న అడిగినా జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. మాయ అంటే ఏమిటని అడిగినాయన చేత బావిలో పడిపోయిన చేద తీయించారు. మోక్షం సంగతి ఎత్తిన నంద్యాల ప్లీడరుగారు వారం పొడుగునా వంటకొట్టంలో కూచుని కందిపప్పులో రాళ్ళు ఏరాల్సొచ్చింది. కొందరు ఆ పని చేస్తూ చేస్తూనే ఏదో తెలిసినట్టు మొహం పెట్టి, దణ్ణం పెట్టుకొని వెళ్ళేవారు. కొందరు గొణుక్కుంటూ వెళ్ళేవారు. ఎవరు ఎలా వెళ్ళినా గ్లాసెడు మజ్జిగ తాగించిగానీ పంపేవారు కాదు.

అటువంటి ఆయన్ని ఒకనాటి పొద్దున మద్దిలేటి ఒక ప్రశ్న అడిగాడు. చాలాకాలంగా గొంతులో పెట్టుకొని తిరిగిన ప్రశ్న అది.

"సామీ, చెప్పాల్సిన మాట చెప్పకుండానే గురువు పోతే, ఆ మాట యాడికి పోతాది?"

చెంచురామయ్యగారు అరుగు మీద కూచుని కాల్లో దిగిన ముల్లు తీసుకుంటున్నారు. అది ఊడి వచ్చేదాకా తల ఎత్తలేదు. వచ్చాక దాన్ని వెలుగుకు పెట్టి చూసుకొని, "బండి షాఫ్టు అరిగింది గదా. రేపు మార్కాపురం పోయి బాగు చేయించుకొద్దాం," అన్నారు.

మద్దిలేటి గుండె గుభేలుమంది. అడిగిన దానికీ షాఫ్టుకూ ఏ సంబంధమూ లేదని వేరే ఎవరైనా అనుకొని ఉందురు. సంబంధం ఉందని మద్దిలేటికి తెలుసు. అది తనొక్కడికే తెలుసని ఆ పొద్దుటిదాకా అనుకుంటూ వచ్చాడు పాపం.

ఆ బండి సంగతి చెప్పాలి. నల్లమల ఘాట్ దిగి నంద్యాల వైపు పోతుంటే గాజులపల్లెకు ఇవతల, రోడ్డుకు కాస్త ఎడంగా ఉంటుంది ఆ మఠం. మఠమనగానే గోపురాలూ గంటలూ ఊహించుకోవద్దు. రేకుల వసారా, నాపరాళ్ళ అరుగు, వంటకొట్టం, బండి పెట్టుకోను ఒక పాక, అంతే. పాకలో ఉండేది ఎప్పటిదో మిలిటరీవాళ్ళు వాడి వదిలేసిన మోటారు సైకిలు. దాని పక్కనే ఇంకొక చక్రం మీద మనిషి కూచోను తొట్టి. బండి వింత ఏమిటంటే, దానికి గొలుసు లేదు. మామూలు బండికి ఇంజను తిప్పుడంతా గొలుసు మీదుగా వెనక చక్రానికి పోతుంది కదా. దీనికి ఆ పని చేసేది ఒక ఇనుప కడ్డీ. గొట్టంలో దాక్కొని, ఎవరి కంటా పడకుండా, లోలోపలే గిరగిరా తిరుగుతూ చక్రాన్ని తోస్తుంది. షాఫ్టంటే అదే. పల్లెల్లోవాళ్ళు వంగి చూసి, గొలుసు కనపడక, సామి మంత్రం వేస్తేనే బండి కదులుతుందని చెప్పుకొనేవారు. పెద్దసామి ఆ మాట విని నవ్వేవారే తప్ప అవుననీ కాదనీ అనేవారు కాదు.

పెద్దసామి అంటే చెంచురామయ్యగారికీ మద్దిలేటికీ కూడా గురువు. ఆయన ఎక్కడికి వెళ్ళినా ఆ తొట్టిలోనే, నెత్తిన శాలువా కప్పుకొని. నడిపేది మద్దిలేటి.

మద్దిలేటి మంచివాడు, పనిమంతుడు, నమ్మకస్తుడు. కానీ నోరు ఊరుకోదు. కిక్కు కొట్టింది మొదలు స్టాండు వేసేదాకా చెబుతూనే ఉండేవాడు. వేరుశనగ చేనికి పట్టిన తెగులు, మోకాలి నొప్పి, రాత్రి వచ్చిన కల, గట్టు దగ్గర అన్నతో తగాదా, నిన్న విన్న తత్వంలో ఒక సందేహం, ఆ సందేహానికి తనే కనిపెట్టిన సమాధానం. పెద్దసామి అన్నిటికీ "ఊఁ" అనేవారు. కథ చెప్పేవాడికి వినేవాడు కొట్టే ఊఁ ఎంత బలమో తెలియనిది ఎవరికి? ఆ ఒక్క అక్షరం తోడు ఉంటే మద్దిలేటికి ఘాట్ రోడ్డు చదునైపోయేది.

పెద్దసామి తన శిష్యుల్లో ఒక్కొక్కరికీ, వాళ్ళ వాళ్ళ సమయం వచ్చినప్పుడు, చెవిలో ఒక మాట చెప్పేవారు. అందరికీ ఒకటే మాట కాదు. ఎవరిది వారిదే, ఇంకొకరికి చెప్పుకోకూడదు. చెంచురామయ్యగారికి చెప్పారు. పప్పులో రాళ్ళు ఏరే వంటావిడ సుంకమ్మకు కూడా చెప్పారు. అందరికంటే ఎక్కువకాలం వెంట తిరిగిన మద్దిలేటికి మాత్రం, "నీకొక మాట చెప్పేదుంది మద్దిలేటీ, చెప్తాలే," అంటూ వచ్చారు. బండెక్కిన ప్రతిసారీ ఈరోజు చెబుతారేమో అనుకొనేవాడు మద్దిలేటి. అనుకొని, ఆ సంబరంలో ఇంకాస్త ఎక్కువ మాట్లాడేవాడు.

కిందటేడుకు ముందటేడు చలికాలంలో ఒకనాడు, గిద్దలూరు నుంచి మఠానికి తిరిగి వస్తున్నారు. ఆరోజు మద్దిలేటి చెప్పింది గట్టు తగాదా. ఘాట్ పొడుగునా చెప్పాడు. అన్న ఏమన్నాడు, తనేమన్నాడు, వదిన మధ్యలో ఏం పుల్ల వేసింది, అంతా. ప్రతి మాటకూ తొట్టిలోంచి ఊఁ వచ్చింది. "నాది తప్పంటారా సామీ?" అని అడిగాడు. "ఊఁ." "పోనీ ఆ గట్టు వాడికే వదిలేయమంటారా?" "ఊఁ." మఠం చేరాక సుంకమ్మ కాళ్ళకు నీళ్ళు తెచ్చింది. చెంబు వంచి పాదం తాకింది. చెంబు కింద పెట్టేసింది.

"మద్దిలేటీ," అంది చాలా మెల్లగా, "సామి ఎప్పుడో పోయినాడప్పా. చల్లగుండాడు."

చూడవచ్చిన డాక్టరు కూడా అదే అన్నాడు. ఘాట్ ఎక్కకముందే ప్రాణం పోయి ఉంటుందన్నాడు. మద్దిలేటి ఎవరితోనూ వాదించలేదు. ఘాట్ ఎక్కాక తనకు ఎన్ని ఊఁలు వినిపించాయో ఎవరికీ చెప్పలేదు. మనిషికి మాట పడిపోయినట్టయింది కొన్నాళ్ళు. తర్వాత ఒకరోజు ఉప్పూ చింతపండూ తేను ఖాళీ తొట్టితో గిద్దలూరు బయల్దేరాడు. అలవాటు నాలుక కదా, అడవిలో మలుపు తిరుగుతూ, "పెసలు ఈతూరి పావలా వంతు కూడా పండలేదు సామీ," అనేశాడు.

"ఊఁ," అంది తొట్టి.

ఆ వెంట్రుకలు నిలబడ్డం, చెమట పట్టడం, బండి ఆపి తొట్టిలోకి తొంగిచూడ్డం, అదంతా ఎవరికి వారు ఊహించుకోవచ్చు. తొట్టిలో పాత శాలువా మడత తప్ప ఏమీ లేదు. మద్దిలేటి భయపడి పారిపోలేదు. శాలువాకు దణ్ణం పెట్టి, బండెక్కి, మిగతా కబురంతా చెప్పాడు. ఊఁ కొడుతూనే ఉంది. ఆనాటినుంచి ఆయనకు కడుపులో దాచుకున్న ధైర్యం అదే. పెద్దసామి పోలేదు. ఊఁ అంటున్నాడంటే ఉన్నాడు. ఉన్నాడంటే చెప్పాల్సిన మాట ఏనాటికైనా చెబుతాడు.

బండి మటుకు నానాటికీ వణకడం ఎక్కువైంది. మొదట కాలి కింద సన్నగా, తర్వాత సీటు మీదికి, తర్వాత చేతుల్లోకి. నంద్యాల మెకానిక్కు చూసి, "షాఫ్టు జాయింటు అరిగిపోయింది, ఈ సామాను దొరకదు, బండిని తూకానికి వేసేయండి," అన్నాడు. మద్దిలేటి ఆ మాట మఠంలో చెప్పలేదు. చెప్పకపోయినా చెంచురామయ్యగారికి ఎలా తెలిసిందో తెలిసింది. బండి విప్పితే ఆ ఊఁ ఎక్కడ పోతుందోనన్న భయమే మద్దిలేటి గుండె గుభేలుమనడానికి కారణం.

మర్నాడు పొద్దున్నే బయల్దేరారు. సుంకమ్మ దారికి పెరుగన్నం కట్టిస్తూ, "అది బండా, పూనకమొచ్చిన మనిషా? మా గిన్నెలు కూడా అంత ఊగవు. ఇద్దరూ తిరిగొస్తే సంతోషం," అంది.

"తిరిగి రాకపోతే పప్పు మిగుల్తాదిలే సుంకమ్మా," అన్నారు చెంచురామయ్యగారు, తొట్టిలో కాళ్ళు పెట్టుకుంటూ.

ఒకప్పుడు ఈయనా మద్దిలేటీ ఒకే బంతిలో కూచుని తిన్నవాళ్ళు. పెద్దసామి తర్వాత మఠానికి పెద్దయిన ఈయన్ని సామీ అని పిలవడం మద్దిలేటికి నోటికి పట్టింది గానీ, ఆ తొట్టిలో కూచోబెట్టుకోవడం ఇదే మొదటిసారి. ఇన్నాళ్ళూ చెంచురామయ్యగారు బస్సులోనే తిరిగారు, ఎందుకో. మద్దిలేటికి మనసంతా చేదుగా ఉంది. ఘాట్ ఎక్కేదాకా నోరు తెరవలేదు. కానీ రెండు మలుపులు తిరిగేసరికి ఆగలేక, "వెదురు పూత పట్టింది చూసినారా," అన్నాడు, ఎవరితోననేది తనకే తెలియకుండా.

"ఊఁ."

మద్దిలేటి పక్కకు చూశాడు. చెంచురామయ్యగారి పెదాలు కదల్లేదు. రోడ్డు వైపే చూస్తున్నారు.

"మీకూ వినిపించిందా సామీ?" అన్నాడు గొంతు తగ్గించి.

"వినిపించింది," అన్నారు ఆయన.

మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీల వెనక, పగిలిన పలకరాయి గుట్టల మధ్య పీరాసాబు షెడ్డు. షాఫ్టులకు ఆ చుట్టుపక్కల ఆయనే దిక్కు. లారీలవి, ట్రాక్టర్లవి, బావుల ఇంజన్లవి, ఏవైనా సరే, అరిగిన పళ్ళు మళ్ళీ కట్టి, వంకర తీసి, తూకం కుదిర్చి ఇస్తాడు. చిన్నప్పుడు రాయి కోసే మిషన్ల దగ్గర పనిచేసి రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. తన మాట తనకు వినపడదు కాబట్టి అందరికీ వినపడేట్టు అరుస్తాడు. గడప పక్కన మేకుకు ఒక పలక, దారానికి కట్టిన బలపం వేలాడుతుంటాయి. చెప్పాల్సిందేదో దానిమీద రాయాలి.

"రండి రండి సామీ!" అని కేక పెట్టాడు పీరాసాబు. "ఇట్లాంటి బండిని చూసి ఎన్నేళ్ళాయ! హైదరాబాదోళ్ళు చెయ్యి పెట్టను జడిసిన షాఫ్టులు కూడా ఈ గడప తొక్కినయ్. స్టార్టు చెయ్యండి!"

బండిని స్టాండు మీద నిలబెట్టి, వెనక చక్రం గాల్లో తిరిగేట్టు పెట్టారు. పీరాసాబు పొడుగాటి స్క్రూడ్రైవరు ఒకటి తీసుకొని, పిడిని పళ్ళ మధ్య కరిచిపట్టి, మొనను షాఫ్టు గొట్టానికి ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. వినడానికి చెవులు లేని మనిషి పళ్ళతో వింటున్నాడు. చెయ్యెత్తి, పెంచమని సైగ చేశాడు. మద్దిలేటి ఎక్సలేటరు తిప్పాడు. వదలమన్నాడు. వదిలాడు.

"ఊఁ," అంది బండి.

"అదీ!" పీరాసాబు పిడి నోట్లోంచి తీశాడు. "పట్టినంతసేపూ నిమ్మళంగా ఉంటాది. వదిలినప్పుడే వణుకుతాది. లోపల కీలును పట్టుకునే క్రాసు అరిగింది, సూది బేరింగులు పిండైనయ్, పళ్ళు సగమైనయ్."

మద్దిలేటి తన కుడి చేతివైపు చూసుకున్నాడు. మాట్లాడుతున్నంతసేపూ ఎక్సలేటరు బిగించి పట్టుకోవడం, మాట పూర్తికాగానే మణికట్టు సడలించడం ఆయనకు ఏనాటినుంచో అలవాటు. ఆ సంగతి ఎవరూ ఎత్తి చూపలేదు. ఆయనకే తోచింది. తోచీ తోచగానే దాన్ని పక్కకు నెట్టేశాడు. మణికట్టు సడలితే శబ్దం రావొచ్చు. శబ్దం ఊఁ అనే ఎందుకు రావాలి?

పీరాసాబు మళ్ళీ పిడి కరిచాడు. ఈసారి కనుబొమలు ముడిపడ్డాయి. మొనను గొట్టం మీద ఒకచోట, ఇంకొకచోట, చివరికి తొట్టిని బండికి కలిపే ఇనుప చట్రం మీద పెట్టి చూశాడు.

"రెండు వణుకులుండాయి సామీ," అన్నాడు. మొదటిసారి ఆయన గొంతు కాస్త తగ్గింది. "ఒకటి షాఫ్టుది. రెండోది ఏంది అనేది షాఫ్టు అయినాక తెలుస్తాది."

నట్లు విప్పాడు. నల్లగా మాడిన నూనె పళ్ళెంలోకి కారింది. కడ్డీని బయటికి లాగి బల్లమీద పెట్టాడు. ఇన్నేళ్ళు తమని మోసిన కడ్డీని మద్దిలేటి చూడ్డం అదే మొదటిసారి. మోచెయ్యంత ఇనుప ముక్క. దానికి ఒక కీలు. అంతే. పీరాసాబు కీలు విప్పేముందు, చిన్న కుంచెతో కడ్డీకి ఇటొకటి అటొకటి తెల్ల చుక్కలు పెట్టాడు. మద్దిలేటి బొట్టనుకొని చటుక్కున రెండు చేతులూ జోడించాడు.

పీరాసాబు పడీ పడీ నవ్వాడు. "బొట్టు గాదు సామీ, గుర్తు! విప్పింది విప్పినట్టు, యాడిది ఆడనే కూర్చాల. చుక్కకు చుక్క ఎదురు రాకపోతే, ఎంత కొత్త సామాను ఏసినా బండి బతికినన్నాళ్ళూ వణుకుతాది."

ఇక ఆపాలంటే ఇప్పుడే ఆపాలి. మద్దిలేటి పలక అందుకున్నాడు. చెట్టంత సంగతి చెప్పాలి. రాయడం మొదలుపెట్టాడు. పెద్దసామి ఎవరో చెప్పేసరికే పలక నిండిపోయింది. తుడిచి, ఘాట్ సంగతి ఎత్తుకున్నాడు. మళ్ళీ నిండింది. పీరాసాబు భుజం మీదుగా చూస్తూ, "సామీ, రామాయణం వద్దు. నాలుగు ముక్కల్లో చెప్పండి," అన్నాడు. మద్దిలేటి జీవితంలో అంత కష్టం ఎన్నడూ పడలేదు. చివరికి రెండంటే రెండు మాటలు రాశాడు. ఊఁ ఉంచు.

"ఊఁ ఉంచాలా!" అని పీరాసాబు షెడ్డు దద్దరిల్లేట్టు చదివాడు. "ఊఁ అంటే ఏంది సామీ?"

వేపచెట్టు నీడలో కూచున్న చెంచురామయ్యగారికి అది వినపడక తప్పలేదు. మద్దిలేటి మొహం ఎర్రబడింది. ఛాతీ మీద చెయ్యి పెట్టుకొని, బండి వైపు చూపించి, నోరు గుండ్రంగా చేసి ఊఁ అని చూపించాడు. పీరాసాబు ఆ పెదాల వైపు చూశాడు, ఖాళీ తొట్టివైపు చూశాడు. ఆయనకు ఎంత అర్థమైందో గానీ నవ్వలేదు.

"ఆ వణుకు ఉంచేదానికైతే నా దగ్గరికి రావాల్సిన పని లేదు," అన్నాడు. "ఇట్లనే ఏసుకుపోండి. కానీ ఘాట్‌లో ఏదో ఒక మలుపున కీలు తెగుతాది. తెగిన కడ్డీ గొట్టాన్ని చీల్చుకొని చక్రాన్ని పట్టేస్తాది. అప్పుడు లోయే. తొట్టి ఉండేది లోయ వైపే గదా, ముందు పోయేది తొట్టిలో మనిషి."

మద్దిలేటి చెంచురామయ్యగారి వైపు చూశాడు, మీరే చెప్పండి అన్నట్టు. ఆయన అరచెయ్యి మద్దిలేటి వైపు చూపించి, పీరాసాబుకు సైగ చేశారు. నడిపేది అతను, అతని ఇష్టం. తర్వాత విస్తరాకు విప్పి, చెట్టు కింద పెరుగన్నం తినడం మొదలుపెట్టారు. ఆయన తినే తీరు చూస్తే, ఆ తొట్టిలో తిరిగి కూచోబోయేది ఇంకెవరో అన్నట్టుంది.

మద్దిలేటి పలక పట్టుకొని నిలబడ్డాడు. ఊఁ పోతే పెద్దసామి రెండోసారి పోయినట్టే. ఈసారి తన చేతుల మీదుగానే. రావాల్సిన మాట ఇక రానే రాదు. ఊఁ ఉంటే, ఏదో ఒక మలుపున ఈ అన్నం తింటున్న మనిషి. తెలియక ఒకసారి శవాన్ని పక్కన పెట్టుకొని ఘాట్ దాటాడు. ఇప్పుడు తెలిసి తెలిసీ బయల్దేరడమా?

బొటనవేలు నాలుకకు తడి చేసుకొని పలక తుడిచాడు. ఊ పోయింది. ఉంచు పోయింది. పక్కనున్న అరసున్న మాత్రం చెరిగీ చెరగక, సగం మూసిన కన్నులాగా పలక మూల మిగిలిపోయింది. దాన్ని తుడవబుద్ధి కాక, దాని పక్కనే రాశాడు. తీసెయ్.

పీరాసాబు ఈసారి లోపలే చదువుకున్నాడు.

ఆ రాత్రి సత్రంలో పడుకొని, మర్నాడు పొద్దెక్కేసరికి మళ్ళీ షెడ్డుకు వచ్చారు. రాత్రంతా మేలుకొని, అరిగిన పళ్ళ మీద కొత్త లోహం పోసి, లేతు మిషను మీద మళ్ళీ పళ్ళు కోశాడు పీరాసాబు. ఫ్యాక్టరీలో శాశ్వతంగా మూసేసిన కీలును తొలిచి, కొత్త క్రాసు, కొత్త సూదులు కూర్చాడు. కడ్డీని రెండు కత్తి అంచుల మీద పెట్టి, వేలితో తిప్పి, బరువున్న వైపు కిందికి వచ్చి ఆగితే ఆ వైపు వెంట్రుకవాసి అరగదీసి, మళ్ళీ తిప్పాడు. చివరికి ఎక్కడ ఆపితే అక్కడ ఆగింది. చుక్కకు చుక్క ఎదురు పెట్టి బిగించాడు. తీసిన పాత క్రాసును కాగితంలో చుట్టి మద్దిలేటి చేతిలో పెట్టాడు. "మీదే సామీ. మీరే అరగదీసినారు, మీరే ఉంచుకోండి."

స్టార్టు చేశారు. పెంచి, వదిలాడు మద్దిలేటి. ఏమీ లేదు. మళ్ళీ పెంచి, వదిలాడు. చక్రం వెన్నలో తిరిగినట్టు తిరిగింది. ఊఁ లేదు.

పీరాసాబు పిడి కరిచి గొట్టానికి ఆనించాడు. మొహం వెలిగింది. మెల్లగా మొనను జరుపుకుంటూ పోయి, తొట్టి చట్రం మీద పెట్టాడు. ఆ వెలుగు ఆరిపోయింది. స్క్రూడ్రైవరు నోట్లోంచి తీసి, గుడ్డతో తుడిచి, బండికి రెండడుగులు ఎడంగా జరిగి నిలబడ్డాడు.

"నాది నేను తీసేసినా," అన్నాడు. "ఇంకోటి అట్లనే ఉంది. సన్నగా. షాఫ్టుది కాదు, ఇంజనుది కాదు. అది నా పని కాదు సామీ."

మద్దిలేటి పలక అందుకొని, ఏంది అది, అని రాశాడు. పీరాసాబు చదివాడు. పలక తీసుకొని, తన లుంగీ అంచుతో శుభ్రంగా తుడిచి, మేకుకు తగిలించేశాడు.

కంభం దాటి, గిద్దలూరు దాటి, మిట్టమధ్యాహ్నానికి ఘాట్ ఎక్కారు. ఆ వేళకు అడవిలో పిట్ట కూడా పలకదు. దుమ్ముకని చెంచురామయ్యగారు తొట్టిలోని పాత శాలువా తీసి నెత్తిమీదుగా కప్పుకున్నారు. ముందు కొంగు మొహం మీదికి వచ్చింది. బండి నీళ్ళ మీద పడవలాగా పోతోంది. అంత హాయిగా ఆ బండి ఎన్నడూ నడవలేదు. మద్దిలేటికి మాత్రం ఒళ్ళంతా ఖాళీగా ఉంది.

"నున్నగా పోతాంది," అన్నాడు. మణికట్టు సడలింది. ఏమీ రాలేదు.

"పీరాసాబు పనిమంతుడు," అన్నాడు. ఏమీ రాలేదు.

"ఆకలేస్తాందా సామీ?"

ఏమీ రాలేదు. శాలువా కదల్లేదు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, మలుపు వెంట మలుపు. చెయ్యి వదిలి తాకి చూసే వీలు లేదు. ఇదే రోడ్డు, ఇదే తొట్టి, ఇదే శాలువా. ఇంకొక మాట అడగడానికి నోరు తెరిచాడు. అడిగితే మళ్ళీ ఏమీ రాదేమోనని భయమేసింది. తెరిచిన నోరు మూసుకున్నాడు.

ఇన్నేళ్ళలో మొదటిసారి మద్దిలేటి ఆ ఘాట్ మీద మాట్లాడకుండా పోతున్నాడు. మొదట్లో తన గుండె చప్పుడే వినిపించింది. తర్వాత అదీ తగ్గింది. ఒక మలుపు పోయింది, ఇంకొకటి పోయింది. ఎండలో అడవి అంతా చెవి ఒగ్గినట్టుంది. తొట్టి వైపునుంచి సన్నని వణుకు ఒకటి, చట్రం మీదుగా, సీటు మీదుగా, వెన్నులోకి వచ్చింది. శబ్దమేమీ లేదు. పక్కన కూచున్న మనిషి మాట మొదలుపెట్టేముందు ఊపిరి తీసుకుంటే మనకు తెలుస్తుంది చూశారా, అలా తెలిసింది. మద్దిలేటి బుర్రలోని తగాదాలు, తెగుళ్ళు, సందేహాలు ఎటుపోయాయో పోయాయి. ఎంతసేపు అలా పోయాడో ఆయనకే తెలియదు.

"ఊఁ."

ఈసారి అది వచ్చింది మద్దిలేటి నోట్లోంచే.

బ్రేకు మీద కాలు వేసేశాడు. బండి రోడ్డు అంచున, చిల్లచెట్ల నీడలో ఆగింది. ఇంజను కూడా ఆగిపోయింది. వెనకనుంచి చల్లగా గాలి ఒకటి వచ్చి, బండిని దాటుకొని, మలుపు తిరిగి పోయింది.

తొట్టిలో శాలువా కదిలింది. చెంచురామయ్యగారు కొంగు తొలగించి చూశారు. కళ్ళు తేటగా ఉన్నాయి, నిద్రపోయిన మనిషి కళ్ళలాగా లేవు.

"ఎందుకు ఆపినావు?"

"మీరేమన్నా అన్నారా సామీ?"

"లేదే."

"మరి నేను ఎవరికి ఊఁ కొట్టినా?" అన్నాడు మద్దిలేటి. జేబులోని పాత క్రాసును ఎందుకో గట్టిగా పట్టుకున్నాడు. "బాగు చేయించినాం గదా. షాఫ్టు బాగైంది గదా సామీ. ఇప్పుడు నేను ఎవరి మాటకు..."

చెంచురామయ్యగారు గాలి పోయిన మలుపు వైపు చూశారు. శాలువా మళ్ళీ మొహం మీదికి లాక్కున్నారు.

"ఆయన చెప్తా ఉంటే మధ్యలో బండి ఆపినావు కదయ్యా మద్దిలేటీ," అన్నారు. "పోనీ."